దాచిన తుపాకులు: చేతికర్ర నుంచి చేతి తొడుగు వరకు, అవి ఎక్కడ విఫలమయ్యాయి

చేతికర్రలో, పెన్నులో, డబ్బుల పర్సులో, చేతి తొడుగులో దాచిన తుపాకులు నిజంగా ఉండేవా, ఉంటే అంత తెలివైన ఆయుధాలను సైన్యాలు గానీ పోలీసులు గానీ ఎందుకు వాడుకలోకి తీసుకోలేదు అని మీరు అడిగారు. ఉండేవి. ఒకటీ అరా కాదు, దాదాపు ఐదు వందల ఏళ్లుగా ఏదో ఒక రూపంలో తయారవుతూనే వచ్చాయి. పాత ఆయుధాలను శుభ్రం చేసి భద్రపరిచే పనిలో చాలాకాలం ఉన్నందువల్ల వీటిలో కొన్నిటిని దగ్గరగా పరిశీలించే అవకాశం నాకు దక్కింది. ఆ పనితనం చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. కానీ చేతిలోకి తీసుకుని పట్టు కుదుర్చుకోబోయినప్పుడే అసలు ఇబ్బంది తెలిసిపోతుంది. తుపాకీని తుపాకీలా కనిపించకుండా చేయాలంటే, దాన్ని వాడటానికి వీలు కల్పించే భాగాలనే తీసేయాలి. పిడి పోతుంది, గొట్టం పొడవు తగ్గుతుంది, గురి చూసే గుర్తు పోతుంది, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు పోతుంది, మళ్లీ తూటా నింపుకునే సౌలభ్యం పోతుంది. చాలా సందర్భాల్లో చివరికి మిగిలేది చేయి చాచినంత దూరం నుంచి పేల్చగల ఒకే ఒక్క గుండు.

మొదట్లో అసలు దాచడమే సాధ్యం కాదు. పదిహేనో శతాబ్దపు తుపాకీలో మందును అంటించేది మండుతున్న వత్తి. పొగ వస్తూ, వాసన కొడుతూ, చీకట్లో ఎర్రగా కనిపించే నిప్పును అంగీ కింద పెట్టుకుని ఎవరూ తిరగలేరు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి చెందినదని చెప్పే ముళ్లగద ఒకటి ఉంది. దాని తలలో మూడు తుపాకీ గొట్టాలు అమర్చారు. రాజు దాన్ని ఊతకర్రలా పట్టుకుని రాత్రిళ్లు లండన్ వీధుల్లో తిరిగేవాడన్న కథ తర్వాతి కాలంలో ప్రచారంలోకి వచ్చింది. కథ మాట ఎలా ఉన్నా, దాన్ని పేల్చాలంటే ఒక చేత్తో గదను నిలిపి, రెండో చేత్తో మండే వత్తిని ఆ గొట్టాల దగ్గరికి తీసుకువెళ్లాల్సిందే. అదే రాజు కాలంలో మధ్యలో చిన్న తుపాకీ బిగించిన డాళ్లు కూడా తయారయ్యాయి. వాటికీ ఇదే వత్తి బాధ తప్పలేదు.

పదహారో శతాబ్దం మొదట్లో వచ్చిన వీల్‌లాక్ ఈ పరిస్థితిని మార్చింది. చిన్న ఉక్కు చక్రాన్ని తాళంచెవి వంటి పరికరంతో తిప్పి బిగించి ఉంచితే, ట్రిగ్గర్ నొక్కగానే అది గిర్రున తిరుగుతూ పైరైట్ రాయికి రాసుకుని నిప్పురవ్వలు రాల్చేది. వత్తి అక్కర్లేని తుపాకీ కాబట్టి మందు కూరి, చక్రం బిగించి, అంగీ కింద పెట్టుకుని రాజుగారి దర్బారుకే వెళ్లవచ్చు. ఈ సంగతి పాలకులకు వెంటనే అర్థమైంది. పవిత్ర రోమన్ చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ 1517-18 నాటికే తమంత తాము నిప్పు పుట్టించుకునే తుపాకులను నిషేధించాడు. ఇంగ్లండులో మొదటి జేమ్స్ 1613లో జేబు పిస్టళ్లకు వ్యతిరేకంగా రాజాజ్ఞ వెలువరించాడు. దాచిన తుపాకీ చరిత్రలో నిషేధం దాదాపు ఆయుధంతో పాటే పుట్టిందన్నమాట.

ఆ భయానికి కారణం లేకపోలేదు. డచ్చి తిరుగుబాటు నాయకుడు, ఆరెంజ్ యువరాజు విలియం మీద 1582 మార్చిలో ఆంట్వెర్ప్‌లో జాన్ జౌరెగీ అనే యువకుడు పిస్టల్ పేల్చాడు. మందు అతిగా దట్టించడం వల్ల పేలుడు అతని బొటనవేలినే ఎగరగొట్టింది. గుండు విలియం మెడ దగ్గర దూరి చెంపలోంచి బయటికి వెళ్లింది, ఆయన బతికి బయటపడ్డాడు. రెండేళ్ల తర్వాత 1584 జూలై 10న డెల్ఫ్ట్‌లో బాల్తసార్ జెరార్ అనే వ్యక్తి మెట్ల దగ్గర పొంచి ఉండి, అతి దగ్గర నుంచి కాల్చి ఆయన్ని చంపాడు. ఆ గుళ్ల గుంటలని చెప్పే వాటిని అక్కడి గోడలో ఇప్పటికీ చూపిస్తారు. ఒకే మనిషి మీద ఒకే రకం ఆయుధంతో జరిగిన ఈ రెండు ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూడటం నాకు ముఖ్యమనిపిస్తుంది. చిన్న పిస్టల్‌లో మందు తక్కువైతే గుండుకు బలం చాలదు, ఎక్కువైతే పట్టుకున్నవాడి చేయి పోతుంది. తర్వాతి మూడు వందల ఏళ్లలో తయారైన బుల్లి తుపాకులన్నీ ఈ ఇరుకులోనే నలిగాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో చేతికర్ర తుపాకులు బాగా చలామణీలోకి వచ్చాయి. ఇంగ్లండులో జాన్ డే 1823లో ఒకదానికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో పేరున్న పెద్ద తుపాకీ కంపెనీల్లో వీటిని తయారుచేసింది రెమింగ్టన్ ఒక్కటే, జాన్ ఎఫ్. థామస్‌కు 1858లో వచ్చిన పేటెంటు ఆధారంగా ఆ కర్రలు తయారై 1888 వరకు అమ్ముడయ్యాయి. ఉక్కు గొట్టం మీద గట్టపార్చా అనే చెట్టు బంక పూత, కుక్క తల ఆకారంలో పిడి, చూడటానికి ఏ పెద్దమనిషి చేతిలోనైనా ఉండదగిన ఊతకర్ర. పిడిని వెనక్కి లాగితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, అడుగున ఉన్న చిన్న బొత్తాం నొక్కితే పేలుతుంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయితే చేతికర్ర పని నేలను తాకడం. తుపాకీ గొట్టం మూతి కూడా ఆ చివరే ఉంటుంది కాబట్టి మట్టి, బురద, నీరు చేరకుండా చూసుకోవడం నిత్యం ఒక పని. మూతి మూసుకుపోయిన గొట్టంలో తూటా పేలితే గొట్టం చీలిపోయే ప్రమాదం ఉంది. భుజానికి ఆనించే మడమ లేదు, ఎక్కడ పట్టుకుంటే కుదురుగా ఉంటుందో తెలియదు. రెండో తూటా పెట్టాలంటే పిడి భాగాన్ని గొట్టం నుంచి మర విప్పి తీయాలి. ఊతకర్ర పట్టుకున్న పెద్దమనిషి మీద దొంగ దూకితే, స్ప్రింగు బిగించి బొత్తాం వెతుక్కునే లోపు ఆ కర్రతో రెండు దెబ్బలు వేయడమే మేలని ఆనాటివారికీ తెలిసి ఉంటుంది. ఆ పూత కూడా కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే చెక్కుచెదరని కర్రలు ఇప్పుడు అరుదు.

జేబు పిస్టళ్లలో చరిత్రను మార్చినది ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ తయారుచేసినది. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ నాటకశాలలో జాన్ విల్క్స్ బూత్ అధ్యక్షుడు లింకన్ వెనక నిలబడి పేల్చిన పిస్టల్ అదే. మొత్తం పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, అరచేతిలో దాదాపుగా ఇమిడిపోతుంది. అందులో ఉన్నది ఒకే గుండు. ఆ గుండు పేలిన మరుక్షణం బూత్ చేతిలో ఉన్నది పనికిరాని లోహపు ముక్క. పక్కనే కూర్చున్న మేజర్ హెన్రీ రాత్‌బోన్ లేచి పట్టుకోబోతే, బూత్ పిస్టల్‌ను కింద పడేసి కత్తి తీయాల్సి వచ్చింది. అంటే ముందే కత్తి సిద్ధం చేసుకుని వచ్చాడు. తన పిస్టల్ పరిమితి అతనికి స్పష్టంగా తెలుసు. ఈ వివరాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, దాచిన తుపాకీ ఎంతవరకు పనికొస్తుందో ఇంతకంటే బాగా చెప్పే ఘటన మరొకటి లేదు. ఏమీ తెలియని మనిషి, వెనక నుంచి, అతి దగ్గరగా, కూర్చుని ఉన్నప్పుడు మాత్రమే అది పనిచేసింది. లేచి ఎదురు తిరిగిన మనిషి ముందు పనికిరాలేదు.

ఆ పేరుతోనే తర్వాత వచ్చిన రెండు గొట్టాల రెమింగ్టన్ పిస్టల్ 1866 నుంచి 1935 వరకు తయారైంది. దాదాపు లక్షన్నర అమ్ముడైంది. ఈ జాతిలో వ్యాపారపరంగా నెగ్గింది ఇదే. అయితే దీన్ని జేబులో దాచేవారే తప్ప వేరే వస్తువుగా మారువేషం వేయలేదు. పిడి పిడిలాగే ఉంటుంది. దాని తూటా వేగం సెకనుకు 130 మీటర్ల ప్రాంతంలోనే ఉండేది కాబట్టి, పేకాట బల్ల వెడల్పు దాటితే దాని మీద భరోసా పెట్టుకోవడం కష్టం.

యూరప్‌లో ఈ కాలంలోనే పిన్‌ఫైర్ తూటాలు వ్యాపించాయి. ఈ తూటా పక్క నుంచి చిన్న ఇత్తడి మేకు బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ మేకు మీద దెబ్బ పడితే లోపలి మందు అంటుకుంటుంది. రివాల్వర్ చక్రంలో తూటాలు నింపి చూస్తే అంచు చుట్టూ ఆ మేకులు నిలబడి కనిపిస్తాయి. జేబులోనో సంచిలోనో విడిగా వేసుకున్న తూటా గట్టి వస్తువుకు తగిలితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. దాచిన ఆయుధాలకు ఈ తూటానే ఎక్కువగా వాడారు, ఎందుకంటే చాలా చిన్న సైజుల్లో చవకగా దొరికేది. న్యూరెంబర్గ్‌కు చెందిన ఆస్కార్ ఫ్రాంకెనౌ 1877లో రూపొందించిన పర్సు పిస్టల్‌లో 5 మిల్లీమీటర్ల తూటాలు పెట్టారు: ఒక అరలో చిల్లర డబ్బులు, రెండో అరలో బుల్లి రివాల్వర్, పర్సు అడుగున మడిచి ఉంచిన ట్రిగ్గర్. పర్సు ఇవ్వమని బెదిరించే దొంగకు పర్సు చాచినట్టే చాచి పేల్చడం దాని వెనకున్న ఆలోచన. మందమైన కోటు వేసుకున్న మనిషిని ఆ సైజు తూటా నిలువరిస్తుందన్న హామీ లేదు. పైగా గాయపడి కోపంతో ఉన్న దొంగ అప్పటికే చేయి అందే దూరంలో ఉంటాడు.

ఈ కుటుంబంలో అందరికీ తెలిసినది అపాచీ రివాల్వర్. బెల్జియంలోని లీజ్ నగరంలో లూయీ డోల్న్ రూపొందించిన ఈ ఆయుధానికి 1900 ప్రాంతంలో పారిస్ వీధుల్లో తిరిగిన అపాచీ అనే ముఠాల వల్ల ఆ పేరు వచ్చింది. ఒకే వస్తువులో మూడు ఆయుధాలు: వేళ్లకు తొడుక్కునే ఇత్తడి లేదా ఇనుప పిడిగుద్దు పట్టీ, మడత కత్తి, ఆరు తూటాల రివాల్వర్. అన్నీ మడిస్తే జేబులో పడుతుంది. చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది దానికి గొట్టమే లేదని. గుండు రివాల్వర్ చక్రంలోంచి నేరుగా గాల్లోకి వస్తుంది, దాన్ని సరైన దారిలో పెట్టే గొట్టం గానీ తిప్పే చాళ్లు గానీ లేవు. అందుకే బల్లకు అవతల ఉన్న మనిషికి తప్ప దేనికీ గురి అనేది ఉండదు. మడతలు విప్పితే ఆ పిడిగుద్దు పట్టీయే పిడి అవుతుంది. మిగతా వేళ్లు రంధ్రాల్లో బిగుసుకుపోయి ఉండగా చూపుడు వేలిని ట్రిగ్గర్ మీదికి తెచ్చుకోవడం సహజంగా కుదిరే కదలిక కాదు. ట్రిగ్గర్‌కు గార్డు లేదు, సేఫ్టీ లేదు. జేబులో ఉన్నప్పుడు పొరపాటున పేలకుండా ఉండాలంటే తూటాను కొట్టి పేల్చే హ్యామర్ కింద ఉన్న చక్రపు గదిని ఖాళీగా వదలాలి, అంటే ఆరులో ఒకటి తగ్గింది. తూటాలు అయిపోతే చక్రాన్ని పూర్తిగా బయటికి తీసి నింపాలి. కత్తి సన్నగా, వంపులు తిరిగి చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ, మడత దగ్గర పట్టు బలహీనం. మూడింటిలో నిజంగా పనికొచ్చేది పిడిగుద్దు పట్టీ ఒక్కటే. దాని కోసం అంత ఖరీదైన యంత్రం అవసరం లేదు.

అరచేతిలో దాగే పిస్టళ్ల కథ దీనికి భిన్నం. పారిస్‌కు చెందిన జాక్ టుర్బియో 1882లో పేటెంటు తీసుకున్న ‘ప్రొటెక్టర్’ గుండ్రని డబ్బా ఆకారంలో ఉంటుంది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుంటే సన్నటి గొట్టం రెండు వేళ్ల మధ్య నుంచి బయటికి వస్తుంది, గుప్పిటి బిగిస్తే పేలుతుంది. 8 మిల్లీమీటర్ల రకంలో ఏడు, 6 మిల్లీమీటర్ల రకంలో పది తూటాలు పట్టేవి. అన్ని తూటాలు ఉండటం నిజంగా గొప్ప ముందడుగు. అయితే గుప్పిటి బలంగా బిగించినప్పుడు మణికట్టు కొద్దిగా వంగుతుంది, దాంతో గొట్టం దిశ మారుతుంది. సరిగ్గా పేలే క్షణంలోనే గురి తప్పుతుంది. నింపడానికి డబ్బా మూత విప్పి, లోపలి పళ్లెం తీసి, తూటాలు ఒక్కొక్కటే అమర్చాలి. అమెరికాలో ఈ నమూనాను మినియాపోలిస్‌లో, తర్వాత షికాగో పేరుతో తయారుచేయించారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చే జనానికి అమ్ముదామని పీటర్ ఫినెగన్ పెద్ద సంఖ్యలో ఆర్డరు పెట్టాడు. కర్మాగారం సమయానికి అందించలేకపోవడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. ఫ్రాన్సులోని సెంట్ ఎటియెన్‌లో తయారైన ‘గోలువా’ అనే ఐదు తూటాల పిస్టల్ సిగరెట్ డబ్బాలా చదునుగా ఉండి ఇదే పద్ధతిలో పనిచేసేది, పట్టు మాత్రం కొంత మెరుగు. వీటన్నిటినీ చివరికి పక్కకు నెట్టినవి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన చిన్న ఆటోమేటిక్ పిస్టళ్లు. అవి ఏ వేషమూ వేయకుండానే కోటు జేబులో పట్టాయి, ఆరేడు తూటాలు పేల్చాయి, వాటికి సేఫ్టీ కూడా ఉంది. మారువేషానికి ఉన్న అవసరం అక్కడితో చాలావరకు తీరిపోయింది.

సైన్యాలు ఎందుకు వాడలేదన్న మీ ప్రశ్నకు రెండో ప్రపంచ యుద్ధం సూటిగా జవాబిస్తుంది, ఎందుకంటే అవి ప్రయత్నించాయి. అమెరికా నౌకాదళం కోసం ఫిలడెల్ఫియాలోని సెడ్జ్‌లీ సంస్థ చేతి తొడుగు వెనక బిగించిన ఒకే తూటా పిస్టల్ తయారుచేసింది. పిడికిలితో గుద్దితే ముందుకు పొడుచుకుని ఉన్న కడ్డీ శత్రువు ఒంటికి తగిలి లోపలికి నొక్కుకుపోయి తూటా పేలుతుంది. పసిఫిక్ దీవుల ఉక్కలో మందపాటి తోలు తొడుగు వేసుకున్న మనిషిని చూసి ఎవరికైనా అనుమానం వస్తుంది. పూర్తి చేతుల చొక్కాతో ఎంత కప్పినా ఆ చేయి మామూలు చేయిలా కనిపించదు. తొడుగు వేసుకుని ఆ చేత్తో మరో పని చేసుకోవడమూ సులువు కాదు. తయారైనవే చాలా కొద్ది.

లిబరేటర్ మాత్రం కొద్ది కాదు. 1942 వేసవిలో ఇండియానా రాష్ట్రం ఆండర్సన్‌లోని జనరల్ మోటార్స్ వారి గైడ్ లాంప్ విభాగం కొద్ది వారాల్లోనే పది లక్షల పిస్టళ్లు చేసి ఇచ్చింది. రేకుల్ని ఒత్తి, అతికించి చేసిన ఇరవై మూడు భాగాల తుపాకీ, ఒక్కొక్కదాని ఖర్చు రెండున్నర డాలర్ల లోపే. ఆక్రమిత దేశాల్లో విమానాల నుంచి జారవిడిస్తే ప్రతిఘటన యోధులు శత్రు సైనికుణ్ణి దగ్గర నుంచి కాల్చి, అతని మంచి తుపాకీ తీసుకుంటారన్నది ఆలోచన. పెట్టెలో పది తూటాలు, భాషతో పని లేకుండా బొమ్మలతో గీసిన సూచనలు, ఒక చెక్క పుల్ల ఉండేవి. ఆ పుల్ల దేనికంటే, పేలాక మిగిలిన ఖాళీ తూటాను బయటికి నెట్టే ఏర్పాటు తుపాకీలో లేదు. పుల్లతో పొడిచి తీసి, చేత్తో మరో తూటా పెట్టుకోవాలి. గొట్టంలో చాళ్లు లేనందువల్ల కొద్ది మీటర్లు దాటితే గుండు ఎటు పోతుందో చెప్పలేరు. కర్మాగారంలో ఒక పిస్టల్ తయారవడానికి పట్టే సగటు సమయం కంటే, దాంట్లో మరో తూటా నింపడానికి పట్టే సమయం ఎక్కువని లెక్కగట్టారు. యూరప్‌లోని సేనాధిపతులకు అది నచ్చలేదు. ఫిలిప్పీన్స్, చైనా వైపు కొన్ని వెళ్లాయి, మిగిలిన వాటిలో అత్యధిక భాగాన్ని యుద్ధం తర్వాత ధ్వంసం చేశారు. మార్గం లేని మనుషులకు ఏదో ఒకటి అందించాలన్న తపన దాని వెనక ఉంది కాబట్టి నాకు దాని మీద చులకన భావం లేదు. కానీ సాయుధ సైనికుడి దగ్గరికి నాలుగడుగుల దూరం వరకు నడిచి వెళ్లి, ఒకే గుండుతో పని ముగించే ధైర్యాన్ని పెట్టెలో పెట్టి పంపడం ఏ కర్మాగారం వల్లా కాదు.

అదే యుద్ధంలో శత్రు భూభాగంలో రహస్య దాడులు నడిపిన బ్రిటిష్ ఎస్.ఓ.ఇ. సంస్థ ఇంగ్లండులోని వెల్విన్ దగ్గర తయారుచేసిన వెల్‌రాడ్ అనే నిశ్శబ్ద పిస్టల్ ఎందుకు నిలిచిందో చూస్తే తేడా తెలుస్తుంది. పిడి విడదీస్తే అది సైకిల్ పంపును పోలిన గొట్టం మాత్రమే. పిడి తగిలిస్తే గురి గుర్తులు, తూటాల అర, మంచి పట్టు ఉన్న అసలైన పిస్టల్. వేషం దాచినంతసేపే, వాడేటప్పుడు దానికి వేషం లేదు. దానికీ లోపాలున్నాయి. ప్రతి తూటాకూ వెనకున్న బోల్టును చేత్తో తిప్పి లాగాలి, శబ్దాన్ని మింగే రబ్బరు బిళ్లలు పది పదిహేను తూటాలకే అరిగి మోత పెరుగుతుంది.

ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ఆయుధాల్లో లోపం యంత్రంలో కంటే మనిషిలో బయటపడింది. సోవియట్ గూఢచారి నికొలాయ్ ఖొఖ్లోవ్‌కు సిగరెట్ పెట్టెలో దాచిన, బ్యాటరీతో దాదాపు నిశ్శబ్దంగా పేలే తుపాకీ ఇచ్చి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న సోవియట్ వ్యతిరేక ప్రవాస నాయకుడు గెయోర్గీ ఒకొలోవిచ్‌ను హతమార్చే పని అప్పగించారు. 1954 ఫిబ్రవరిలో అతను ఒకొలోవిచ్ ఇంటి తలుపు తట్టి, మిమ్మల్ని చంపమని నన్ను పంపారు, నేను ఆ పని చేయలేను అని చెప్పేశాడు. ఏప్రిల్‌లో ఆ సిగరెట్ పెట్టె విలేకరుల ముందు బల్ల మీదికి వచ్చింది. ఐదేళ్ల తర్వాత మ్యూనిక్‌లో ఉక్రెయిన్ జాతీయవాద నాయకుడు స్తెపాన్ బందేరాను చంపిన సోవియట్ గూఢచారి బొగ్దాన్ స్తషిన్‌స్కీ వాడింది తుపాకీ కూడా కాదు, విషవాయువును చిమ్మే గొట్టం. అది తనకే తగలకుండా విరుగుడు మందు వేసుకుని వెళ్లాల్సి వచ్చింది. అతనూ 1961లో పశ్చిమానికి వచ్చి లొంగిపోయాడు. ఇలాంటి ఆయుధం ముఖంలో ముఖం పెట్టి చూసేంత దగ్గరికి వెళ్లమంటుంది. ఆ దూరాన్ని అందరూ భరించలేరు. వాషింగ్టన్ గూఢచారి మ్యూజియంలో ఉన్న 4.5 మిల్లీమీటర్ల లిప్‌స్టిక్ పిస్టల్‌కూ, అమెరికన్లు ఒకసారి పేల్చి పారేయడానికి చేసిన స్టింగర్ అనే పెన్సిలంత గొట్టానికీ ఇదే పరిమితి.

మన దేశంలో ఈ ఆలోచన కటారుల రూపంలో కనిపిస్తుంది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల నాటి కొన్ని కటారులకు అలుగుకు రెండు వైపులా చిన్న పిస్టళ్లు బిగించి ఉంటాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చూసినవారికి కటారు పట్టు ఎలాంటిదో తెలుసు: అడ్డకడ్డీలను పిడికిట్లో బిగించి నేరుగా పొడవాలి. రెండు ఇనుప గొట్టాల బరువు చేరాక ఆ పోటులోని చురుకు పోతుంది, పిస్టల్‌గా చూస్తే గురి కుదరదు. వాటిలో చాలావాటి మీద ఉన్న బంగారు పని చూస్తే దర్బారులో చూపించడానికి చేసినవేనని నా అభిప్రాయం.

చివరగా, ఇలాంటి ప్రశ్నలు అడిగేవారిలో కొందరి ఇళ్లలో తాతలనాటి చేతికర్రలు ఉంటాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. మన దగ్గర కర్రలోంచి బయటపడేది చాలావరకు సన్నటి కత్తి ఉన్న గుప్తీయే గానీ, పిడి కింద బొత్తాం ఉన్నా, కొసన రంధ్రం కనిపించినా అక్కడితో ఆపేయండి. పిడి తిప్పి చూడటం, స్ప్రింగు లాగి చూడటం వద్దు, ఎందుకంటే వందేళ్ల నాటి తూటా లోపల ఉంటే అది ఇప్పటికీ పేలవచ్చు. కొస మనుషుల వైపు లేకుండా పక్కన పెట్టి, స్థానిక పోలీసులకు తెలియజేయండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండటం నేరం. పాతబడి, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు అదే చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే మీ చేతిలోనిది ఆ కోవకు వస్తుందో లేదో ఇంట్లో కూర్చుని మనం తేల్చుకునే విషయం కాదు, పరీక్షించిన అధికారి రాసి ఇవ్వాల్సిన విషయం.